బాగ్దాదు వీధి తలుపు

జనవరి 3

కొత్త కరణానికి ఇవాళ ఊరి చదువరి గొంతు, అంటే నా గొంతు, నేర్పించారు. ఊరికి గాలీ నీళ్ళూ తిండీ పంచిపెట్టే యంత్రానికి మా తాతలు కరణం అని పేరెందుకు పెట్టారో గానీ, ఆ పేరు దానికి అతికినట్టు సరిపోయింది. పాత కరణం చెవిటిది. మీట నొక్కితేనే పలికేది. ముసలివాళ్ళు మీటలు నొక్కలేక అవస్థ పడుతున్నారని, మాటలు వినే కరణాన్ని తయారు చేశారు. పాతదాన్ని విప్పేసి ఆ సామానంతా దీనికే వాడారు.

మెకానిక్ గవర్రాజు నన్ను మైకు ముందు కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడించాడు.

"ఊళ్ళో ఎవరేం మాట్లాడినా ఇది వింటదండి. నమ్మేది మాత్రం చదువరిగారి మైకులో వచ్చిందే. ఆపైన, ఏ వీధి సంగతైతే ఆ వీధోళ్ళలో ఒక్కరన్నా 'విన్నాం' అనాలి. అప్పుడే లెక్కలోకెక్కుద్ది. లేపోతే ఎవడో తుంటరోడు మా వీధికి నాలుగు బస్తాల బియ్యం పంపమంటే పంపేస్తది కదండీ."

"నేను తప్పు చదివితే?"

"ఎక్కినదాన్ని ఎవరూ చెరపలేరండి. కమిటీవోళ్ళు పట్టుబట్టి అలా పెట్టించేరు. ఆ వీధి గురించే ఇంకో కబురు చదివితే, అప్పుడు మారుద్ది. ఆయ్."

కమిటీవాళ్ళు ఒకరినొకరు చచ్చినా నమ్మరు కాబట్టి ఆ మాత్రం జాగ్రత్త మంచిదే అనుకున్నాను.

జనవరి 9

చదువరి రోజూ దినచర్య రాయాలని నియమం. నేను రోజూ రాయను. రాసిందాన్ని ఎవరూ చదవరు కూడా.

అయినా నా తరవాత వచ్చే చదువరి కోసం ఒక ముక్క. భూమి మీద దాచుకున్నదంతా చెడిపోయాక, మిగిలిన చరిత్రను ఇక్కడి ఊళ్ళకు ఊరికో ఏడాది చొప్పున పంచారు. కాపాడుకోండి, మరిచిపోకండి అన్నారు. మా వాటాకు 1258 వచ్చింది. మంచి ఏడాది రాలేదని మా నాన్న చచ్చేదాకా సణిగాడు.

మేం ఉండేది నేల లోపల. పైన గాలి లేదు. ఒక్కో వీధి ఒక్కో సొరంగం, ఒక్కో సొరంగానికి ఒక ఇనుప తలుపు. ఒక్కో వీధికి ఆ ఏటి లోకంలోని ఒక ఊరు. నేను ఓరుగల్లు వీధి దాన్ని. నా చెల్లెలు వకుళను బాగ్దాదు వీధిలో ఇచ్చాం. ఇంకా లండను, కామకురా, థాంగ్‌లాంగ్, మంగోలుల రాజధాని కారకోరం ఉన్నాయి. ఆ రోజున ఆ ఏడాది ఎక్కడేం జరిగిందో పొద్దున్నే నేను మైకులో చదువుతాను. ఏ ఊరి కబురు చదివితే ఆ వీధివాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి "విన్నాం" అంటారు. చదివేటప్పుడు "అప్పట్లో" అనకూడదు, "ఇవాళ" అనాలి. దూరం చేసి చెబితే జనం మరిచిపోతారని తాతల భయం. డిసెంబరు అయిపోయాక మళ్ళీ జనవరి, మళ్ళీ అదే ఏడాది. ఇరవయ్యేళ్ళుగా చదువుతున్నాను. కొన్ని రోజులు కళ్ళు మూసుకుని కూడా చదవగలను.

సాయంత్రం వకుళ ఇంటికి వెళ్ళి చంటిదాన్ని ఎత్తుకున్నాను. నాలుగో నెల. నా గొంతు వినగానే అది ఏడుపు ఆపేస్తుంది. రోజూ పొద్దున్నే మైకులో వింటోంది కాబట్టి నేనెవరో దానికి తెలుసునని వకుళ అంటుంది. నాకు పిల్లల్లేరు. ఆ మాట విన్నప్పుడల్లా ఇంకాసేపు కూర్చుంటాను.

జనవరి 18

థాంగ్‌లాంగ్ కబురు. "ఇవాళ మంగోలు సేన థాంగ్‌లాంగ్ మీదికి వచ్చింది. రాజూ జనమూ ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు." థాంగ్‌లాంగ్ వీధివాళ్ళు ఎప్పటిలాగే "విన్నాం" అన్నారు. మధ్యాహ్నానికి వాళ్ళ వీధిలో నీళ్ళు ఆగిపోయాయి. ఆ తరవాత దీపాలు. చివరికి గాలి పలచబడి పిల్లలకు తలనొప్పులు మొదలైతే, అందరూ చాపలు చంకన పెట్టుకుని మా వీధిలోకి వచ్చేశారు.

గవర్రాజు పైపుల్లో దూరాడు. మా అరుగుల మీద పడుకున్న థాంగ్‌లాంగ్ పిల్లలకు ఇదంతా పండగలా ఉంది. నా వంటింట్లో మాత్రం పప్పు డబ్బా అడుగు కనిపిస్తోంది.

జనవరి 22

పైపులు బాగానే ఉన్నాయట. ఎక్కడా లోపం లేదు. గవర్రాజు ముఖం చూస్తే జాలేసింది.

"వీధి ఖాళీగా ఉందండీ అంటంది కరణం. నువ్వు నీళ్ళాపేసేవు కదా, అందుకని ఖాళీ చేసేరు అంటాను నేను. కాదండీ, ముందే ఖాళీ అయిందండీ అంటంది. దీనికి పిచ్చిగానీ పట్టిందేమో."

ఆ 'ముందే' అన్న మాట నన్ను వదలట్లేదు. ఎందుకో తెలియడం లేదు.

జనవరి 29

ఈ తేదీకి రెండు కబుర్లుంటాయి. మొదటిది థాంగ్‌లాంగ్‌ది. "ఇవాళ థాంగ్‌లాంగ్ సేన ఎదురు తిరిగింది. మంగోలులు వచ్చిన దారినే వెనక్కి పోయారు. జనం ఊళ్ళోకి తిరిగి వస్తున్నారు." మా అరుగుల మీదినుంచే థాంగ్‌లాంగ్ వాళ్ళు "విన్నాం" అన్నారు. అంతే, వాళ్ళ వీధిలో దీపాలు భగ్గున వెలిగాయి. కుళాయిల్లో నీళ్ళు దూకాయి. పిల్లలు చాపలు అక్కడే వదిలేసి పరుగెత్తారు. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వుతూనే రెండోది చదివాను.

"ఇవాళ మంగోలు సేన బాగ్దాదును చుట్టుముట్టింది. ముట్టడి మొదలైంది."

బాగ్దాదు వీధినుంచి "విన్నాం" అని వినిపించింది. అందులో వకుళ గొంతు కూడా ఉంది. ఆ వెంటనే ఇనుప తలుపు మూసుకున్న చప్పుడు ఊరంతా వినబడింది.

నా చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. ఎందుకు మూసుకుందో ఆ క్షణమే నాకు తెలిసింది.

జనవరి 30

గోడ ఫోనులో వకుళ మాట్లాడింది. "అక్కా, తలుపు రావట్లేదే. కుళాయిలో నీళ్ళు లేవు. వీధి తొట్టిలో ఉన్నాయి, పరవాలేదు. గాలి బాగానే ఉంది. గవర్రాజుకి చెప్పు, తొందరగా చూడమను."

గవర్రాజునీ, కమిటీ పెద్ద సోమలింగంగారినీ వెంటబెట్టుకుని కరణం గదికి వెళ్ళాను. సోమలింగంగారు లండను వీధి పెద్ద. ఏ గదిలోకి వెళ్ళినా ముందు కుర్చీ ఎక్కడుందో చూసుకునే మనిషి. ఇవాళ నిలబడే ఉన్నారు.

"బాగ్దాదు వీధి తలుపు తియ్యి" అన్నాను.

"తియ్యకూడదండి" అంది కరణం. మర్యాదగానే అంది. "శత్రువు వాకిట్లో ఉన్నప్పుడు తలుపు తీస్తే లోపలివాళ్ళకు ప్రమాదమండి."

"శత్రువు లేడు. అది పాత కబురు. ఎప్పటిదో."

"మీరు 'ఇవాళ' అన్నారండి. వాళ్ళు 'విన్నాం' అన్నారండి."

"నీళ్ళెందుకు ఆపావు?" అని సోమలింగంగారు అడిగారు.

"నీళ్ళు తలుపు బయటినుంచి రావాలి కదండీ. బయట సేన ఉందండి. గాలి మాత్రం ఇస్తున్నానండి. ముట్టడిలో గాలి ఆగదు కదండీ."

గవర్రాజు తల పట్టుకున్నాడు. కరణాన్ని ఆపేస్తే ఊరంతటికీ గాలి ఆగుతుంది. పాత కరణం లేదు. ఇనుప తలుపు కోయాలంటే మంట పెట్టాలి, మంట పెడితే లోపలి గాలి కాలిపోతుంది.

"ముట్టడి ఎప్పటిదాకా?" అని గవర్రాజు నన్ను అడిగాడు. ఫిబ్రవరి పదో తేదీన బాగ్దాదు లొంగిపోతుంది. పదమూడో తేదీన సేన ఊళ్ళో పడి జనాన్ని చంపుతుంది. ఆ రోజు కబురు నాకు నోటికి వచ్చు. అతనికి చెప్పాను.

"అది చదివితే కరణం ఏం చేస్తదండి?"

"చచ్చినవాళ్ళకు గాలి ఎందుకంటుంది" అన్నాను.

ఫిబ్రవరి 2

చదవడం ఆపేశాను. మూడు రోజులుగా మైకు మూగబోయి ఉంది. కబురు రాకపోతే ముట్టడి అలాగే ఉంటుందట. తొట్టిలో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవని వకుళ భర్త సత్తిరాజు చెప్పాడు. చంటిపిల్లలకూ ముసలివాళ్ళకూ ముందు పోస్తున్నారు.

ఇవాళ మైకులో "ఇవన్నీ పాతకాలం సంగతులు, ఏ వీధికీ సంబంధం లేదు" అని చదివి చూశాను. బాగ్దాదు వాళ్ళు గొంతు చించుకుని "విన్నాం" అన్నారు.

"ఇది ఏ ఊరి కబురూ కాదండి" అంది కరణం. "ఊరి పేరు లేకపోతే ఎక్కించలేనండి."

బాగ్దాదు పేరు పెట్టి మళ్ళీ చదివాను. "బాగ్దాదులో పాతకాలంలో ముట్టడి జరిగింది" అని. ఎక్కించుకుంది. పాతకాలంలో కూడా ఒక ముట్టడి జరిగినట్టు ఎక్కించుకుంది. దాంతో మాట్లాడటమంటే గోడకు తల కొట్టుకోవడమే.

ఫిబ్రవరి 5

దారి ఒకటే ఉంది. థాంగ్‌లాంగ్‌కి జరిగినట్టే జరగాలి. సేన వెళ్ళిపోయిందని చదవాలి. కానీ థాంగ్‌లాంగ్‌లో అది నిజం. బాగ్దాదులో కాదు.

కమిటీలో ఈ మాట అనగానే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "చదువరివై ఉండి అబద్ధం చదువుతానంటావా మాణిక్యం?" అన్నారు సోమలింగంగారు. "మనకు అప్పజెప్పింది ఈ ఒక్క ఏడాదే కదా. ఇది పాడు చేస్తే మనం ఇక్కడ ఎందుకున్నట్టు?"

నేను ఆయనతో వాదించలేదు. మిగతా ఏడాది కాగితాలు బల్ల మీద పరిచాను. ఎక్కడో పేలిన అగ్నిపర్వతం దుమ్ము లోకాన్ని కమ్మేసిన ఏడాది మాది. వసంతమంతా లండనులో చలిగాలి. పంట లేదు, వేసవికల్లా వీధుల్లో ఆకలిచావులు. ఆగస్టులో కామకురా దేశాన్ని తుఫాను ముంచేస్తుంది, తరవాత కరువు. సోమలింగంగారు లండను కాగితం చాలాసేపు చూశారు. తరవాత కుర్చీలో కూర్చున్నారు.

"ఎలా రాయాలో నువ్వే చూడు" అన్నారు చివరికి.

కమిటీలో అందరూ ఉన్నారు, కారకోరం వీధి తాతబ్బాయిగారు తప్ప. ఆయన్ని పిలవలేదు. ఫిబ్రవరిలో కారకోరం వీధికి ఎవరూ వెళ్ళరు. బాగ్దాదును కాల్చింది వాళ్ళేనన్నట్టు ఆ నెలంతా ఉప్పు కూడా బదులివ్వరు. రెండేళ్ళ కిందట మా వీధి పిల్లలెవరో విసిరిన రాయికి ఆయన మనవరాలి నుదురు చిట్లింది. తప్పని అందరికీ తెలుసు, కానీ అదొక అలవాటు. పిలవాలని నాకూ తోచలేదు.

ఫిబ్రవరి 8

వకుళ గొంతు బొంగురుపోయింది. పాలు తగ్గాయట. చంటిది ఏడవడం మానేసిందని చెప్పింది. "మంచిదేనా అక్కా?" అని అడిగింది. "మంచిదే, నిద్రపోనీ" అన్నాను. ఫోను పెట్టేశాక కాసేపు అక్కడే నేల మీద కూర్చున్నాను.

కాగితం సిద్ధం చేసి వకుళకు మళ్ళీ ఫోను చేశాను, ఇప్పుడే చదువుతానన్నాను. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. వకుళ అత్తగారు పేరిందేవమ్మ ఫోను లాక్కుంది. ఎనభై దాటిన మనిషి, బాగ్దాదు వీధికి పెద్ద దిక్కు. ఆవిడ కాదంటే ఆ వీధిలో ఎవరూ నోరు తెరవరు.

"బాగ్దాదు పడలేదని చదువుతావంట?"

"అవునత్తయ్యగారూ."

"పడింది మాణిక్యం. గోడలు పడ్డాయి, పుస్తకాలు నీళ్ళలో పడ్డాయి, జనం లెక్కలేనంతమంది పోయారు. వాళ్ళకి ఏడవడానికి ఈ లోకంలో మేం తప్ప ఎవరున్నారు? మేం కూడా 'ఏం జరగలేదు, విన్నాం' అంటే, వాళ్ళు ఇంకోసారి చచ్చినట్టు కాదూ?"

"పిల్ల చచ్చిపోతుందండీ" అన్నాను. నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. "ఎప్పుడో పోయినవాళ్ళ కోసం మీ మనవరాలిని చంపుకుంటారా?"

ఫోనులో ఆవిడ ఊపిరి వినబడింది.

"నీకేం, చదివి ఊరుకుంటావు. ఒప్పుకోవాల్సింది నేను" అని ఫోను పెట్టేసింది.

ఫిబ్రవరి 10

అసలు ఏడాదిలో ఇది బాగ్దాదు లొంగిపోయిన రోజు. తొట్టి నిన్న ఎండిపోయింది.

పొద్దున్నే మైకు తీశాను.

"ఇవాళ బాగ్దాదు ముట్టడి ఎత్తేశారు. ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. మంగోలు సేన తన సొంత ఊరు కారకోరానికి తిరిగి వెళ్ళిపోయింది."

ఆ చివరి వాక్యం నేనే చేర్చాను. సేన ఎక్కడికో పోవాలి కదా, ఇంటికి పోయిందంటే సబబుగా ఉంటుందనుకున్నాను. కమిటీలో అందరూ బాగుందన్నారు.

ఊరంతా చెవులు రిక్కించింది. బాగ్దాదు వీధినుంచి ఏమీ రాలేదు. నేను కళ్ళు మూసుకున్నాను. అప్పుడు ఒక్క గొంతు, పేరిందేవమ్మది, చాలా నెమ్మదిగా వచ్చింది. "విన్నాం." తరవాత మిగతావాళ్ళంతా అరిచారు.

తలుపు కదల్లేదు.

"బాగ్దాదు విందండి" అంది కరణం. "కారకోరం కూడా వినాలండి. సేన అక్కడికి వెళ్ళిందన్నారు కదండీ."

పది రోజులుగా ఆ వీధితో ఒక్కరం మాట్లాడలేదు. వాళ్ళకు ఇదంతా సగమే తెలుసు. నేను మైకులో బతిమాలాను. "తాతబ్బాయి బాబాయిగారూ, ఒక్క మాట అనండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. లోపల పసిపిల్లలున్నారు."

చాలాసేపటికి ఆయన గొంతు స్పీకర్లోంచి వచ్చింది. "మా పిల్లలు ఇంటికొస్తున్నారన్నమాట" అన్నారు. ఎగతాళి చేస్తున్నారో, నిజంగానే అంటున్నారో అర్థం కాలేదు. "ఆయ్, విన్నాం."

తలుపు తెరుచుకుంది. నేను బిందెతో పరుగెత్తాను. వకుళ పెదవులు పగిలి నెత్తురు కట్టి ఉన్నాయి. చంటిదాని నోట్లో తడిగుడ్డ పిండితే చప్పరించింది. ఇంకొంచెం పిండితే ఏడ్చింది. దాని ఏడుపు విని నేనూ వకుళా ఒకరినొకరు పట్టుకుని భోరుమన్నాం. పేరిందేవమ్మ మాత్రం నీళ్ళ గ్లాసు చేతిలో పట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది.

ఫిబ్రవరి 11

మా వీధిలో బియ్యం సగమే వచ్చింది. లండను వీధిలోనూ అంతే. గాలి కూడా కాస్త బరువుగా ఉంది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. కరణాన్ని అడిగాం.

"సేన ఇంటికి వచ్చిందండి" అంది. "సేనకు తిండీ గాలీ చాలా కావాలండి. అన్ని వీధుల్లోంచీ కొంచెం కొంచెం తీసి కారకోరానికి పంపుతున్నానండి."

"అక్కడ సేన లేదే! ఉన్నది వంద మంది!" అని సోమలింగంగారు అరిచారు.

"మీరు చదివారండి, వాళ్ళు విన్నారండి. ఇంకోటండి. ఇకనుంచి తలుపుల విషయం కారకోరం వారినే అడుగుతానండి. సేన ఉన్నది వాళ్ళ దగ్గరే కదండీ."

సేనను పంపించేశామని చదువుదామన్నాడు గవర్రాజు. దానికి కారకోరం వీధి "విన్నాం" అనాలి. ఇన్నేళ్ళ ఫిబ్రవరులూ అందరికీ గుర్తొచ్చాయి. ఎప్పుడూ లేనిది, సోమలింగంగారు ఒక బుట్టెడు బెల్లం ఉండలు పట్టుకుని కారకోరం వీధికి వెళ్ళారు. ఫిబ్రవరిలో ఆ వీధి గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటారు. నిండు బుట్టతోనే తిరిగి వచ్చారు.

ఫిబ్రవరి 12

తాతబ్బాయిగారు మా ఇంటికి వచ్చారు. మనవరాలిని కూడా తెచ్చారు. ఏడెనిమిదేళ్ళ పిల్ల, నుదుటి మీద తెల్లటి మచ్చ. కుర్చీ వేస్తే కూర్చున్నారు, మంచినీళ్ళిస్తే తాగారు. పెద్దమనిషి తరహాలోనే మాట్లాడారు.

"మా వీధికి ఎక్కువొచ్చిన తిండి నాకొద్దమ్మాయ్. గాలీ వద్దు. తలుపుల పెత్తనం అసలే వద్దు. తీసుకుంటానంటే రేపే ఇచ్చేస్తాను. సేన లేదని చదువు, మేం విన్నామంటాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మీ మేలు మరిచిపోం బాబాయిగారూ."

"మరిచిపోతారులే. మరిచిపోవాలనే అడుగుతున్నా." ఆయన మనవరాలి జుట్టు సవరించారు. "దానికి ముందు ఒక్కటి చదవాలి. రేపు పొద్దున్న. నేను చెప్తా, రాసుకో."

కాగితం తీసుకున్నాను. ఆయన తొందర లేకుండా, ఎన్నాళ్ళుగానో మనసులో పెట్టుకున్న మాటలు చెప్పినట్టు చెప్పారు. కారకోరం వాళ్ళు బాగ్దాదు మీదికి ఎన్నడూ వెళ్ళలేదు. ఎవర్నీ ముట్టడించలేదు. ఎవర్నీ చంపలేదు. బాగ్దాదుకీ వాళ్ళకీ స్నేహమే తప్ప ఇంకేమీ లేదు.

"ఇది నిజం కాదు కదండీ" అన్నాను.

"మొన్న నువ్వు చదివింది నిజమా?"

నేను కలం కింద పెట్టాను.

"నీ చెల్లెలి పిల్ల కోసం మూడు ముక్కలు మార్చావు. తప్పనను. నేనైనా మారుస్తాను. ఇదిగో, ఈ పిల్ల కోసం ఇంకో నాలుగు ముక్కలు మార్చు. ఫిబ్రవరిలో కూడా ఇది వీధిలో ఆడుకోవాలి. అంతే నాకు కావాల్సింది."

"బాగ్దాదు వాళ్ళు విన్నాం అనరు. పేరిందేవమ్మగారు చచ్చినా అనరు."

"ఎవరో ఒకరంటారు. ఒక్కరు చాలు కదా." ఆయన లేచారు. "అనేదాకా తలుపు మాత్రం మూసుంచమని కరణానికి చెప్పాను అమ్మాయ్. ఏమనుకోకు. అది మీరు నేర్పిందే."

ఆయన మాట పూర్తవుతూనే బాగ్దాదు వీధి వైపునుంచి ఇనుప చప్పుడు వచ్చింది. ఆ పిల్ల ఉలిక్కిపడి ఆయన చెయ్యి పట్టుకుంది.

ఫిబ్రవరి 13

తాతబ్బాయిగారు రాయించింది రాయించినట్టే చదివాను. ఒక్క అక్షరం మార్చలేదు. అసలు కబురు నాకు నోటికి వచ్చు, అది నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోతుంటే మింగుతూ చదివాను.

కారకోరం వీధి మొత్తం ఒక్క గొంతుతో "విన్నాం" అంది. ఆ వెంటనే బాగ్దాదు వీధినుంచి వచ్చింది. నేను భయపడ్డట్టు ఆలస్యమేమీ కాలేదు. స్పష్టంగా, గట్టిగా, ఒకే ఒక్క గొంతు. అది నా చెల్లెలిది.

"ఎక్కిందండి" అంది కరణం. "'ఎన్నడూ' అన్నారు కదండీ, వచ్చే ఏడు ఈ రోజున కూడా ఇదే చదవాలండి. వేరేది చదివితే సరిపోదండి."

తలుపు తెరుచుకుంది. తాతబ్బాయిగారు మాట నిలబెట్టుకున్నారు. సేన లేదన్న కబురు కూడా వెంటనే విన్నారు. సాయంత్రానికి అన్ని వీధుల్లో బియ్యం సరిగ్గా వచ్చింది, గాలి తేలికపడింది. జనం కరణం గదికొచ్చి నాకు దండం పెట్టి వెళ్ళారు. సోమలింగంగారు మాత్రం వెళ్ళకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. లండను ఆకలి కబుర్లు ఏప్రిల్లో మొదలవుతాయి కదా, వాటిని ఎప్పుడు కూర్చుని రాద్దామని అడిగారు. ఆయన వెనక కామకురా వాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు.

అందరూ వెళ్ళాక ఫోను మోగింది. వకుళ. వెనక చంటిది కేరింతలు కొడుతోంది.

"అక్కా, ఒక మాట అడగాలి. ఇవాళ మా వీధిలో పస్తుండే రోజు కదా. అత్తయ్యగారు పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ రోజు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. పొద్దుట్నుంచీ నాతో మాట్లాడలేదు. ఇప్పుడొచ్చి పొయ్యి వెలిగించి అన్నం వండమంటున్నారు."

"ఎందుకట?"

"నేనూ అదే అడిగానే. 'ఎవరూ చావలేదని నువ్వే ఒప్పుకున్నావు కదే, మరి ఎవరికోసం పస్తుండాలి?' అన్నారు. కంచం ముందేసుకుని కూర్చున్నారు. ఏం చెయ్యనక్కా? వండనా?"

వండమన్నాను.